గది అద్దె గోరంత.. బిల్లు కొండంత!

లాడ్జీల్లో తప్పని అదనపు వడ్డనలు.. ముందే అడిగితే చాలావరకు దూరం

తిరుపతి: తెల్లవారుజామున 5 గంటలకు రైలు దిగిన కుటుంబం. దంపతులు, ఇద్దరు పిల్లలు, వృద్ధురాలైన తల్లి. స్టేషన్‌కు దగ్గరలోని ఓ లాడ్జిలో రోజుకు రూ.1,800 అద్దెకు ఫోనులోనే గది ఖాయం చేసుకున్నారు. టిఫిన్లకు మరో రూ.600 వేసుకుని రూ.2,400 పక్కన పెట్టుకున్నారు. మరుసటి రోజు గది ఖాళీ చేసే వేళకు చేతికందిన బిల్లు రూ.4,168.50. కౌంటరు వద్ద వాదన, వెనుక వరుసలో మరో నలుగురు, బయట హారన్ కొడుతున్న ఆటో. చివరకు అడిగినంతా చెల్లించి బయటపడటం. ఇది ఊహించి రాసిన ఉదాహరణే అయినా పుణ్యక్షేత్రాలకు, ఆసుపత్రులకు, పోటీ పరీక్షలకు ఊరుగాని ఊరు వెళ్లేవారిలో చాలామందికి ఇలాంటి అనుభవం కొత్తేమీ కాదు.

ఆ రూ.1,768.50 తేడా ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూస్తే విషయం బోధపడుతుంది. గది సమయం మధ్యాహ్నం 12 గంటలకు మొదలవుతుంది కాబట్టి ముందుగా వచ్చినందుకు సగం రోజు అద్దె రూ.900. అయిదో మనిషికి వేసిన అదనపు పరుపుకు రూ.500. ఈ మొత్తం రూ.3,200పై 5 శాతం జీఎస్‌టీ రూ.160. గదికి తెప్పించుకున్న టిఫిన్లు రూ.620, రెండు మంచినీళ్ల సీసాలు రూ.80. ఆ రూ.700పై సర్వీసు ఛార్జి పది శాతం అంటే రూ.70. మొత్తం రూ.770పై మళ్లీ 5 శాతం పన్ను రూ.38.50.

ఇందులో చట్టం చూపి తీసేయించగలిగింది ఎంత? సర్వీసు ఛార్జి రూ.70, దానిపై పడిన పన్ను రూ.3.50. వెరసి రూ.73.50 మాత్రమే. మిగిలినవాటిలో పెద్ద పద్దులైన ముందస్తు ప్రవేశం, అదనపు పరుపు చట్టవిరుద్ధం కావు. అవి గది తీసుకునే ముందు ఒక్క ప్రశ్నతో తేలిపోవాల్సినవి. బిల్లు చూశాక అడిగే హక్కుల కన్నా డబ్బు కట్టక ముందు అడిగే ప్రశ్నలకే విలువ ఎక్కువన్నది ఇక్కడ గమనించాల్సిన అంశం.

ఏ గంటకు మొదలు.. ఏ గంటకు ముగింపు?

మన పట్టణాల్లో గదుల అద్దెకు రెండు పద్ధతులున్నాయి. గది తీసుకున్న గంట నుంచి 24 గంటలు లెక్కించడం ఒకటి. మధ్యాహ్నం 12 గంటలకు ఇచ్చి, మర్నాడు 11 లేదా 12 గంటలకు ఖాళీ చేయించడం రెండోది. 'ఒక రోజు అద్దె' అనే మాట రెండింట్లోనూ ఒకటే. అర్థం మాత్రం వేరు. రెండో పద్ధతిలో రాత్రి 9 గంటలకు చేరుకున్నవారికి దక్కేది పదిహేను గంటలే. తెల్లవారుజామున దిగినవారైతే ఏడు గంటలు బయట వేచి ఉండాలి, లేదంటే అదనంగా చెల్లించాలి. పై ఉదాహరణలోని కుటుంబం 24 గంటల పద్ధతి ఉన్న లాడ్జిని ఎంచుకుని ఉంటే రూ.900, దానిపై పన్ను రూ.45 కలిపి రూ.945 మిగిలేది.

అలాగని 24 గంటల పద్ధతి అన్నివేళలా లాభమనుకోరాదు. ఉదయం 5 గంటలకు దిగినవారు మర్నాడు 5 గంటలకే ఖాళీ చేయాలి. దర్శనం ఆలస్యమై, గది సమయం దాటిన తరువాత వస్తే మరో రోజు అద్దె వేసే లాడ్జీలున్నాయి. ఎంత ఆలస్యాన్ని సహిస్తారు, ఆ తరువాత గంటల లెక్కనా, సగం రోజా, పూర్తి రోజా అన్నది ముందే తేల్చుకోవాలి. రిజిస్టరులో సంతకం చేసేటప్పుడు, గది తీసుకున్న సమయాన్ని రసీదుపై రాయించుకోవడం మరవరాదు. తగవులు ఎక్కువగా వచ్చేది ఆ సమయం దగ్గరే.

మరో తిరకాసు. కౌంటరు వద్ద 24 గంటల పద్ధతి పాటించే కొన్ని లాడ్జీలు, సెల్‌ఫోన్ యాప్‌ల ద్వారా వచ్చినవారికి మాత్రం 12 గంటల నిబంధననే వర్తింపజేస్తాయి. యాప్‌లో గది బుక్ చేసినప్పుడు అందులో రాసి ఉన్న సమయమే ఒప్పందం. బోర్డు మీద 24 గంటలని ఉంది కదా అన్న వాదన అప్పుడు నిలవదు.

అర్ధరాత్రి దాటాక చేరుకునేవారు తేదీ విషయంలోనూ పొరపడుతుంటారు. రైలు 15వ తేదీ రాత్రి 1.30 గంటలకు చేరుతుందనుకుందాం. 15వ తేదీకి గది తీసుకుంటే, 12 గంటల పద్ధతి ఉన్నచోట అది చేతికొచ్చేది ఆ రోజు మధ్యాహ్నమే. రాత్రికే కావాలంటే 14వ తేదీకి బుక్ చేసుకోవాలి. అంతటితో అయిపోలేదు. 14వ తేదీ రాత్రి పొద్దుపోయే వరకు ఎవరూ రాకపోతే, ఇక రారని గదిని వేరొకరికి ఇచ్చేసి డబ్బు తిరిగి ఇవ్వనివారూ ఉంటారు. కాబట్టి ఏ రైలుకు, ఎన్ని గంటలకు వస్తున్నామో ముందే లాడ్జికి తెలియజేసి, 'సరే' అన్న జవాబును ఫోనులో భద్రపరచుకోవాలి.

నాలుగైదు గంటల విశ్రాంతి, స్నానం మాత్రమే కావాలనుకునే రైలు ప్రయాణికులకు స్టేషన్లలోని రిటైరింగ్ రూములు ఉపయోగపడతాయి. ఖాయమైన లేదా ఆర్‌ఏసీ టికెట్ ఉన్నవారు పీఎన్‌ఆర్ నంబరుతో వీటిని పొందవచ్చు. 12 గంటల లెక్కన ఇచ్చే వెసులుబాటూ ఉంది. 2024 జులై 15 నుంచి వీటిపై జీఎస్‌టీ లేదు. తిరుపతి వచ్చేవారికి స్టేషన్ సమీపంలో విష్ణునివాసం, బస్టాండు సమీపంలో శ్రీనివాసం వంటి దేవస్థానం వసతి సముదాయాలు ఉండనే ఉన్నాయి. రద్దీ రోజుల్లో అవి దొరకడమే కష్టం.

పన్ను ఎంత పడాలి?

బిల్లులో పన్ను అని కనిపించగానే ప్రశ్నించకుండా చెల్లించడం చాలామందికి అలవాటు. లెక్క మాత్రం కష్టమైనదేమీ కాదు. గదికి రోజుకు వసూలు చేసే మొత్తం రూ.7,500 వరకు ఉంటే 5 శాతం, అంతకు మించితే 18 శాతం జీఎస్‌టీ. 2025 సెప్టెంబరు 22కు ముందు రూ.7,500 లోపు గదులపై 12 శాతం ఉండేది. అంటే రూ.1,800 గదిపై అప్పట్లో రూ.216 పడే పన్ను, తగ్గింపు తరువాత రూ.90 అయింది. ఇప్పటికీ 12 శాతం అని ముద్రించిన బిల్లు ఇస్తే సవరించమని అడగాలి.

బిల్లులో సీజీఎస్‌టీ రెండున్నర శాతం, ఎస్‌జీఎస్‌టీ రెండున్నర శాతం అని రెండు వరుసలు కనిపిస్తాయి. ఇది రెండుసార్లు పన్ను వేయడం కాదు. ఒకే 5 శాతంలో కేంద్రం వాటా సగం, రాష్ట్రం వాటా సగం. లాడ్జి ఉన్న రాష్ట్రానికే పన్ను చెందుతుంది కాబట్టి, హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లి బస చేసినా ఇదే లెక్క.

గది ధర బోర్డుపై రూ.9,000 ఉండి, తగ్గింపు పోను రూ.7,000కు ఇస్తే పన్ను లెక్క నిజంగా చెల్లించిన రూ.7,000పైనే. బోర్డు ధర చూపి 18 శాతం వేయడం సరికాదు.

పన్ను వసూలు చేసే అధికారం లేని లాడ్జీలూ ఉన్నాయి. ఏడాది వ్యాపారం రూ.20 లక్షల లోపున్న చిన్న లాడ్జీలు సాధారణంగా జీఎస్‌టీ నమోదు చేయించుకోనక్కర్లేదు. నమోదు లేనివారు కౌంటరు వద్ద పన్ను పేరిట పైసా తీసుకోకూడదు. కాంపోజిషన్ విధానాన్ని ఎంచుకున్నవారు కూడా వినియోగదారుల నుంచి విడిగా పన్ను రాబట్టరాదు. ఆ సంగతి వారి బిల్లుపై రాసి ఉండాలి. పన్ను వేసిన బిల్లుపై 15 అంకెలు, అక్షరాల జీఎస్‌టీ నంబరు ఉందో లేదో చూస్తే చాలు. ఆంధ్రప్రదేశ్ నంబర్లు 37తో, తెలంగాణవి 36తో, తమిళనాడువి 33తో, కర్ణాటకవి 29తో మొదలవుతాయి. జీఎస్‌టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరిట ఉందో, చలామణీలో ఉందో తెలిసిపోతుంది. యాప్ ద్వారా గది తీసుకున్నవారు పన్నుతో కలిపి అక్కడే చెల్లించి ఉంటే, గది అద్దెపై లాడ్జిలో మళ్లీ చెల్లించనక్కర్లేదు. అక్కడ అదనంగా తీసుకున్న సేవలకే పన్ను.

మత, ధర్మాదాయ సంస్థలు నడిపే సత్రాలది వేరే లెక్క. ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధార్మిక ట్రస్టులు ఆలయ పరిసరాల్లో నడిపే సత్రాల్లో, రోజుకు రూ.1,000 కన్నా తక్కువ అద్దె ఉన్న గదులకు జీఎస్‌టీ మినహాయింపు ఉంది.

గదికి తెప్పించుకునే భోజనంపై సాధారణ లాడ్జీల్లో 5 శాతమే. రూ.7,500 మించి అద్దె వసూలు చేసే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో మాత్రం 18 శాతం. అక్కడ బస చేసి పక్క వీధిలో భోంచేసేవారిని చూసి నవ్వుకోవాల్సిన పనిలేదు. వారు లెక్క తెలిసినవారే.

సర్వీసు ఛార్జి కట్టాల్సిందేనా?

అక్కర్లేదు. సర్వీసు ఛార్జి ప్రభుత్వానికి చేరే పన్ను కాదు. సేవ బాగుందనిపిస్తే ఇష్టపూర్వకంగా ఇచ్చే బక్షీసుకు మరో పేరు. దీన్ని బిల్లులో దానంతటదే కలపరాదని, మరో పేరుతోనూ వసూలు చేయరాదని, దీన్ని కలిపిన మొత్తంపై జీఎస్‌టీ వేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కడంతో అదే నెలలో వాటి అమలు నిలిచిపోయింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పు చెప్పింది. సంఘాలు ఆ తీర్పుపై అప్పీలుకు వెళ్లాయి. బిల్లులో ఈ పద్దు కనిపిస్తే 'ఇది తీసి కొత్త బిల్లు ఇవ్వండి' అని నెమ్మదిగా అడిగితే చాలు. వాదన పెంచాల్సిన అవసరం చాలాచోట్ల రాదు.

మంచినీళ్ల సీసా విషయంలో మాత్రం చాలామంది పొరపడుతున్నారు. సీసాపై రూ.20 ముద్రించి రూ.40 తీసుకుంటే నేరమనుకుంటారు. దుకాణంలోనైతే తప్పే. హోటల్లో కూర్చోబెట్టి లేదా గదికి తెచ్చి అందించినప్పుడు అది కేవలం సరకు అమ్మకం కాదని, కాబట్టి గరిష్ఠ చిల్లర ధర నిబంధన వర్తించదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. గదిలో బల్లపై పేర్చి ఉంచిన సీసాలు, చిప్స్ పొట్లాలు ఉచితమో కాదో అడిగిన తరువాతే పిల్లల చేతికివ్వడం మేలు. అల్పాహారం అద్దెలో కలిసిందా, ఎంతమందికి కలిసిందన్నదీ అంతే. 'ఇద్దరికి టిఫిన్ ఉచితం' అన్న గదిలో నలుగురు తింటే ఇద్దరి బిల్లు విడిగా వస్తుంది.

ఇక కార్డుతో చెల్లిస్తే రెండు శాతం అదనమంటారు కొందరు. డెబిట్ కార్డు చెల్లింపులపై వ్యాపారులు ఇలా వసూలు చేయడం సమర్థనీయం కాదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది.

తెరపై ఒక ధర.. చివరకు మరో ధర

ఇంటర్నెట్‌లో గదులు వెతికేవారిని ఆకర్షించేది పెద్ద అక్షరాల ధర. రూ.1,299 అని ఉంటుంది. పేరు, ఫోను నంబరు, వయసు అన్నీ నింపి డబ్బు చెల్లించే తెరకు చేరేసరికి పన్నులు, సేవా రుసుము, ఎవరూ అడగని ప్రయాణ బీమా, ఏదో సంస్థకు విరాళం కలిసి మొత్తం పెరిగిపోతుంది. అప్పటికే ఇరవై నిమిషాలు వెచ్చించిన మనిషి మళ్లీ మొదటి నుంచి వెతకడానికి ఇష్టపడడన్నదే ఈ ఎత్తుగడకు పునాది. ధరను ఇలా విడతల వారీగా బయటపెట్టడాన్ని, అడగని వస్తువును బుట్టలో దూర్చడాన్ని మోసపూరిత పద్ధతులుగా గుర్తిస్తూ 2023 నవంబరు 30న కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. మొత్తం 13 రకాల పద్ధతులను అందులో పేర్కొంది. తమ వెబ్‌సైట్లను మూడు నెలల్లో స్వయంగా తనిఖీ చేసుకోవాలని 2025 జూన్‌లో ఆన్‌లైన్ సంస్థలన్నింటికీ సూచించింది.

ధరలు పోల్చాల్సింది మొదటి తెరలో కాదు, చెల్లించే తెరలో. ముందే టిక్కు పెట్టి ఉన్న గడులను తొలగించాలి. ఎంతమంది, పిల్లల వయసెంత అన్నది నిజంగా నింపాలి. తక్కువ ధర కనిపిస్తుందని ఇద్దరని రాసి నలుగురు వెళితే, కౌంటరు వద్ద అడిగినంత ఇవ్వడం మినహా మార్గం ఉండదు. చౌక ధరలకు తరచుగా 'రద్దు చేస్తే డబ్బు వాపసు లేదు' అన్న నిబంధన తోడై ఉంటుంది. ప్రయాణం ఖాయం కానివారు వందో రెండొందలో ఎక్కువైనా రద్దు సౌకర్యం ఉన్న ధరనే ఎంచుకోవడం మంచిది.

యాప్‌లో చూసిన తరువాత నేరుగా లాడ్జికి ఫోను చేసి అడిగితే కొన్నిచోట్ల తగ్గించి ఇస్తారు. ఇంటర్నెట్‌లో వెతికి పట్టిన ఫోను నంబరు అసలు లాడ్జిదేనా అన్నది మాత్రం రూఢి చేసుకోవాలి. నకిలీ నంబర్లు, నకిలీ వెబ్‌సైట్లతో అడ్వాన్సు కాజేసే ముఠాల వలలో పడితే వెంటనే 1930కు ఫోను చేయాలి.

ఆసుపత్రికి వెళ్లేవారి కష్టం వేరు

యాత్రికులకు తిరుగు ప్రయాణం తేదీ తెలుసు. చికిత్స కోసం హైదరాబాద్‌కో, వేలూరుకో వెళ్లేవారికి అదీ తెలియదు. పరీక్షల ఫలితాలు వచ్చే వరకు, డిశ్చార్జి చేసే వరకు గది ఉంచుకోవాలి. రెండు రోజులకని దిగి పది రోజులు ఉండాల్సి వస్తుంది. మూడో రోజు నుంచి అద్దె మారిందంటే వారు ఏం చేయగలరు? రోగిని తీసుకుని మరో లాడ్జి వెతుక్కోలేరు. దిగేటప్పుడే 'వారం దాటితే రోజుకెంత, ఎన్ని రోజులు పొడిగించినా ఇదే అద్దె ఉంటుందా, ముందే ఖాళీ చేస్తే అడ్వాన్సులో మిగిలింది ఇస్తారా' అని అడిగి రాయించుకోవాలి. వంట చేసుకునే వీలున్నచోట గ్యాసుకు, పాత్రలకు విడిగా తీసుకుంటారు. వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, బకెట్‌కు ఇంతని తీసుకుంటారా అన్నదీ రోగి ఉన్నవారికి చిన్న విషయం కాదు. ఆసుపత్రుల సహాయ కేంద్రాల్లో వాకబు చేస్తే, సహాయకుల కోసం నడిపే తక్కువ అద్దె వసతుల వివరాలు కొన్నిచోట్ల దొరుకుతాయి.

అడ్వాన్సు, డిపాజిట్ ఒకటే అనుకోవడం వల్లా నష్టం జరుగుతోంది. అడ్వాన్సు అద్దెలో సర్దుబాటయ్యేది. డిపాజిట్ గదిలో సామగ్రి పాడు కాకుంటే తిరిగి ఇచ్చేది. రసీదుపై ఏదో ఒక మాట స్పష్టంగా ఉండాలి. గదిలోకి వెళ్లగానే పగిలిన అద్దం, పనిచేయని టీవీ, మరకలు పడిన దుప్పటి వంటివి ఫోనులో ఫొటో తీసి కౌంటరుకు పంపితే ఖాళీ చేసే వేళ అవి మన ఖాతాలో పడవు. నగరాల్లోని పెద్ద హోటళ్లు క్రెడిట్ కార్డుపై కొంత మొత్తాన్ని నిలిపి ఉంచుతాయి. అది ఖర్చు కాదు, కొద్ది రోజుల్లో విడుదలవుతుంది. యూపీఐతో డిపాజిట్ కడితే మాత్రం డబ్బు నిజంగానే వెళ్లిపోతుంది కనుక వాపసు ఎప్పుడిస్తారో తెలుసుకోవాలి.

ఫోనులో మాట్లాడినదంతా ఒక సందేశంగా పంపి జవాబు తీసుకోవడం అన్నింటికన్నా తేలికైన రక్షణ. ఇలా రాస్తే సరిపోతుంది: 'మేనేజరు గారూ, 14వ తేదీ రాత్రి 1.30కు వస్తున్నాం. పెద్దలు ముగ్గురు, పిల్లలు ఇద్దరు. ఏసీ గది, అదనపు పరుపు, పన్నులు అన్నీ కలిపి మొత్తం ఎంత? ఎన్ని గంటల వరకు ఉండవచ్చు? కారు పార్కింగుకు, డ్రైవరు బసకు విడిగా ఏమైనా ఉందా? రద్దు చేస్తే ఎంత వాపసు ఇస్తారు?' జవాబు రాయడానికి ఇష్టపడని లాడ్జిని వదిలి మరోటి చూసుకోవడమే ఉత్తమం.

విదేశాల్లోనూ ఇదే తంతు

పిల్లల వద్దకు అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు అక్కడి హోటళ్లలో 'రిసార్ట్ ఫీజు' ఎదురవుతుంది. ఈత కొలను, వ్యాయామశాల వాడినా వాడకపోయినా రోజువారీగా కట్టాల్సిన రుసుము ఇది. తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తాన్నే మొదట చూపాలన్న నిబంధన అక్కడ 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చింది. రుసుమును నిషేధించలేదు, దాచడాన్నే నిషేధించింది. ప్రభుత్వ పన్నులు ఆ ధరలో కలవకపోవచ్చు. దుబాయ్‌లో హోటల్ స్థాయిని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హముల వరకు పర్యాటక రుసుము ఉంటుంది. ఇంటి నుంచే మొత్తం చెల్లించామనుకున్నవారిని కూడా దిగేటప్పుడు దీన్ని విడిగా అడుగుతుంటారు.

అన్యాయం జరిగితే..

బిల్లు లేకుండా బయటకు రాకూడదు. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ప్రయాణం ఆపుకోలేని పరిస్థితి ఉంటే డబ్బు చెల్లించి, బిల్లు వెనుక 'అభ్యంతరంతో చెల్లించాను' అని రాసి సంతకం చేసి ఫొటో తీసుకోవాలి. మొదట జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. చాలా ఫిర్యాదులు ఈ దశలో సంస్థతో మాట్లాడించడం ద్వారానే పరిష్కారమవుతాయి. సర్వీసు ఛార్జి విషయంలోనైతే జిల్లా కలెక్టరుకూ అర్జీ పెట్టుకోవచ్చని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అప్పటికీ ఫలితం లేకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. లాడ్జి ఉన్న ఊరికి తిరగాల్సిన పనిలేదు. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే కేసు వేయవచ్చు. తిరుపతిలో జరిగిన దానిపై ఆదిలాబాద్‌లో, వేలూరులో జరిగిన దానిపై కడపలో ఫిర్యాదు చేయవచ్చన్నమాట. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది. గడువు రెండేళ్లు. అందువల్ల బిల్లు, అడ్వాన్సు రసీదు, లాడ్జి వారితో నడిచిన సందేశాలు ఇంటికి చేరగానే పారేయకుండా అంతకాలమూ దాచి ఉంచుకోవాలి. థర్మల్ కాగితంపై ముద్రించిన బిల్లుల్లో అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి కనుక వాటికి జెరాక్సు తీయించుకోవడం అవసరం.